మడతల అవతలి వేడి

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో, మంగళగిరిలో మా ఇంటి అరుగు మీది నుంచి దూకి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టినాయన ఎముక బాగానే అతికించాడు గానీ, కట్టు విప్పాక చెయ్యి వంగలేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. ఎడమచేత్తో తింటుంటే బంతిలో పిల్లలు నవ్వేవాళ్ళు. ఈ చెయ్యి ఇక ఇంతేనేమో అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనుకోవడం నాకు వినపడేది.

అమ్మ ఉప్పు వేయించి, మూటకట్టి కాపడం పెట్టేది. ఒకనాడు తొందరలో బాండీ దించీ దించగానే అద్దేసరికి చర్మం బొబ్బలెక్కింది. బొబ్బ మానింది గానీ నా భయం మానలేదు. వంటింట్లో ఉప్పు చిటపటలాడితే చాలు, మగ్గం గదిలో దూరి గడియ పెట్టుకునేదాన్ని. నన్ను బతిమాలి బతిమాలి అమ్మ ఏడ్చేది.

చలికాలంలో మా బాబాయి వచ్చాడు. బెజవాడ హైస్కూల్లో సైన్సు చెప్పేవాడాయన. పొద్దున్నే మగ్గం గది తలుపు తట్టి, “ఉప్పు తేలేదులే, తియ్యమ్మా” అన్నాడు.

తీశాను. ఆయన వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుని, గదిలో ఉన్న ఖాళీ ఇత్తడి చెంబునూ చెక్కపీటనూ ముట్టుకోమన్నాడు. ఏది చల్లగా ఉందని అడిగితే చెంబే అన్నాను.

“రాత్రంతా రెండూ ఈ గదిలోనే ఉన్నాయిగా. రెండిటి చల్లదనమూ ఒకటే. ఇత్తడి నీ చేతిలో వేడిని గబగబా లాక్కుంటుంది. చెక్క నెమ్మది. వేడికి నడక ఉందే. ఎంత వేగంగా నడవాలో మనం చెప్పొచ్చు.”

నమ్మకం కుదరక చాలాసేపు రెండూ తడిమి చూశాను.

తరవాత ఉప్పు మూట తెప్పించి, నాన్న నేసిన బట్ట ముక్కలు దాని మీద పొరలు పొరలుగా చుట్టాడు. మడతల మధ్య చిక్కుకున్న గాలి వేడిని నిదానంగా పోనిస్తుందట. ముందు తన మణికట్టుకు ఆనించుకుని చూసి, మూట నా ఎడమచేతికిచ్చాడు.

“అన్ని మడతలేస్తే వేడేం తగులుద్దయ్యా?” అంది గుమ్మంలోంచి అమ్మ.

“చాలకపోతే అదే తీస్తుంది వదినా.”

మూట మోచేతికి ఆనించుకుని చూసుకుంటూ ఒక్కొక్క పొరే తీశాను. ఒకచోట వెచ్చదనం మోచేతి లోపలికి మెల్లగా దిగింది. ఇక చాలన్నాను. బాబాయి ఇంకొక్క పొర కూడా తియ్యమనలేదు. వేడికి నెత్తురు బాగా పారుతుందనీ, బిగుసుకున్న కండ సడలుతుందనీ చెప్పి, “ఇప్పుడు నువ్వే వంచు. నేను ముట్టుకోను” అన్నాడు. వేలెడు మేర వంగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ రోజునుంచి కాపడం వేళకు నేనే ఉప్పు వేయించమని అడిగేదాన్ని. ఉగాదికి పచ్చడి కుడిచేత్తో నాలుక మీద వేసుకున్నాను. వడ్డిస్తున్న అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. దానితోనే పిల్లల్ని పెంచాను, అత్తగారి నడుముకీ అమ్మ మోకాళ్ళకీ కాపడాలు పెట్టాను. ఎవరికి పెట్టినా ముందు నా మణికట్టుకు ఆనించి చూసుకుంటాను. ఆ తరవాత మూట వాళ్ళ చేతికే ఇస్తాను. ఎన్ని మడతలు తియ్యాలో నొప్పి పడేవాళ్ళకే తెలుస్తుంది.