ముప్పై ఆరు లింకుల బోణీ

ఆ రోజుల్లో నాకు భయపడడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వీధిలో ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, నేనేం తప్పు చేశానో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టేదాన్ని. పోస్ట్‌మ్యాన్ చొక్కా కూడా ఖాకీయే కాబట్టి వారానికి రెండు మూడుసార్లు ఈ భయం ఉచితంగా దొరికేది. ఇప్పుడు వయసుతో పాటు నా భయాలకూ కొంచెం మర్యాద వచ్చింది, కాస్త ముందుగా చెప్పి వస్తున్నాయి. కానీ రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నా ఇరవై రెండో ఏట, హుస్సేనీ ఆలంలో ఒక అత్తరు దుకాణం పైనున్న రెండు గదుల ఆఫీసులో పడ్డ భయం మాత్రం వేరు. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. (ఈ వాక్యం రాసి ఒకసారి కొంగుకు తుడుచుకున్నాను.)

ఆ ఆఫీసు యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. అంతకుముందు ఆయన అదే గదిలో టెలిఫోన్ బూత్ నడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ ఖాళీ అయ్యాక రెండు కంప్యూటర్లు కొని ఈ పనిలో దిగాడు. పని ఏమిటంటే, ఏదో విదేశీ కంపెనీ ఇంటర్నెట్‌లో స్కార్ఫులూ నగలూ సెంట్లూ అమ్మేది. మేము చిన్న చిన్న వెబ్‌సైట్లు తయారుచేసి వాటిలో ఆ వస్తువుల లింకులు పెట్టేవాళ్లం. మా లింకు నొక్కి వెళ్లినవాళ్లు ఏదైనా కొంటే మాకు కమిషన్. మా పేరు, మా సైటు పేరు ఆ లింకులోనే దాగి ఉండేవి. అవి అవతలికి సరిగ్గా చేరుతున్నాయో లేదో చూడడమే నా ఉద్యోగం. మా బాపుకు కార్వాన్‌లో బర్రెలున్నాయి, ఇళ్లకూ హోటళ్లకూ పురానాపూల్ వైపు పోలీస్ స్టేషన్‌కూ పాలు పోసేవాడు. ఆయనకు నా పని వివరించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

"అంటే దుకాణం మనం జూపిస్తం, ఆళ్లు కొంటే మనకింత ఇస్తరు. బ్రోకర్ పని," అన్నాడు చివరికి.

"గట్లాంటిదే బాపూ."

"మంచిదే. జర పైలం బిడ్డా. పరాయోళ్ల సొమ్ముతోని పని."

ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి నుంచే భయపడడం మొదలుపెట్టాను.

చేరిన మొదటి రోజు ఉదయం పది గంటలకు, పని నేర్చుకుందామని ఒక లింకు నొక్కి చూశాను. అప్పటికి పదకొండు రోజులుగా ఒక్క అమ్మకమూ లేదట. ఆ సాయంత్రానికి ఎక్కడో ఎవరో ఒక స్కార్ఫు కొన్నారు. భాయ్ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీ చెయ్యి మస్తు మంచిగున్నది బేటీ. రేపట్నుంచి బోణీ నువ్వే జెయ్యాలె," అన్నాడు. మా వీధిలో బోణీ అంటే మాటలు కాదు. పొద్దున మొదటి బేరం తిరిగిపోతే అత్తరాయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. భాయ్ కూడా బూత్ రోజుల్లో పొద్దున్నే తన చెల్లెలింటికి తనే ఫోన్ చేసి మీటరు కదిపేవాడట. (ఆ చెల్లెలు ఎదురింట్లోనే ఉండేది. ఫోన్ మోగితే కిటికీలోంచి చెయ్యి ఊపి, తర్వాత ఎత్తేది.)

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పాలి. పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, తోడుపెట్టిన పాలు పెరుగు కాని చెయ్యి నాది. "నువ్వు ముట్టకే, నీ చేతికి దండం," అని మా అమ్మ కుండలు దూరంగా జరిపేది. అలాంటి చేతిని మొదటిసారి ఒకరు మంచి చెయ్యి అన్నారు. ఇక రోజూ పదింటికి ఊదు పొగ వేసే పకీరు మెట్లెక్కి వచ్చి, రెండు కంప్యూటర్లకూ పొగ చూపించి వెళ్లగానే, నేను దుపట్టా సర్దుకుని కూర్చుని మా ముప్పై ఆరు సైట్ల లింకులూ వరసగా ఒక్కొక్కటి నొక్కేదాన్ని. ఒక్కటి కూడా వదిలేదాన్ని కాదు. ఏ లింకు మనసు కష్టపెట్టుకుంటుందో అని భయం.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. తర్వాత మా గాజుల సైటు నుంచి అమ్మకాలు జరుగుతున్నా మా పేరు మీద పడడం ఆగిపోయింది. నాతో పాటు పనిచేసే బెజవాడ అక్క (ఆమె భర్త ఇక్కడ ప్రభుత్వాఫీసులో గుమాస్తా, ఆమె ఇంగ్లీషు మా ఇద్దరికీ సరిపోయేది), నేను రెండు రోజులు తవ్వి కారణం పట్టుకున్నాం. గాజులు, పూసలు అన్న రెండు మాటల మధ్య 'అండ్' గుర్తు పెట్టి నేను ఆ సైటుకు కొత్త పేరు ఇచ్చాను. లింకులో ఆ గుర్తు వస్తే అక్కడితో ఒక ముక్క అయిపోయిందని అవతలి కంప్యూటరు అనుకుంటుందట. గాజుల దగ్గర ఆగిపోయి పూసలు వదిలేస్తోంది, సగం పేరుతో మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. ఆ గుర్తు తీసేసి, దాని బదులు వాడాల్సిన శాతం గుర్తూ రెండంకెలూ పెట్టాను. పని చేసింది. ఆ రోజు నేను పురానాపూల్ మీదుగా ఇంటికి నడిచిన తీరు చూసినవాళ్లు వంతెన నేనే కట్టించాననుకుని ఉంటారు.

నాలుగో రోజు ఆ ఉత్తరం వచ్చింది. ఈమెయిళ్లు తెరిచేది నేనే కాబట్టి మొదట నేనే చదివాను. మీ లింకుల మీద అసహజమైన క్లిక్కులు కనిపిస్తున్నాయి, ఏడు రోజుల్లో వివరణ ఇవ్వకపోతే మీ ఖాతా మూసేస్తాం, అవసరమైతే సంబంధిత అధికారులకు తెలియజేస్తాం అని ఉంది. ఖాతా మూస్తే ఆఫీసు మూసినట్టే, మాకున్నది ఆ ఒక్క కంపెనీయే. నాకు ఆ ఆలోచన రెండోసారి చదివినప్పుడు వచ్చింది. మొదటిసారి నాకు కనిపించినవి 'సంబంధిత అధికారులు' మాత్రమే. వాళ్లు ఖాకీ చొక్కాల్లో ఉన్నారు.

చేసింది నేనే అని నాకు అనుమానం కూడా లేదు. నాలుగు రోజుల కిందట లింకులో శాతం గుర్తు దూర్చింది నేనేగా. దొంగ అక్షరాలు పెట్టి లింకును మార్చారని వాళ్లు పట్టేసుకున్నారు, అంతే. భాయ్ పక్క గదిలో చాయ్ తాగుతూ చెల్లెలితో ఏదో మాట్లాడి నవ్వుతున్నాడు. లేచి వెళ్లి చెప్పాల్సింది. ఆ ఉత్తరాన్ని 'పాత డిజైన్లు' అనే ఫోల్డర్లోకి తోసేసి, భాయ్ అడగకపోయినా, "ఏం మెయిల్స్ రాలే భాయ్," అన్నాను.

తర్వాతి మూడు రోజులు నేను చేసినవి ఏ పగవాడూ చెయ్యడు. శాతం గుర్తు తీసేశాను. గాజుల సైటు మళ్లీ ఆగింది. భయమేసి పేరు మధ్యలో ఖాళీ వదిలాను, లింకు తెగిపోయింది. ఆ ఖాళీలో ఫోన్ బటన్ల మీదుండే హ్యాష్ గుర్తు పెట్టాను. దాని తర్వాత ఉన్నదేదీ అవతలికి చేరదని అక్క ఎప్పుడో చెప్పింది, ఆ కంగారులో గుర్తులేదు. మూడో రోజుకు మా గాజుల లింకు నొక్కితే మంచు ఎత్తిపోసే పారల పేజీ తెరుచుకుంది. హైదరాబాదులో కూర్చుని మేము గాజుల బొమ్మ కింద మంచు పారలు అమ్ముతున్నాం. ఇంత జరుగుతున్నా బోణీ మాత్రం మానలేదు. మానకపోగా, కీడు పోవాలని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకోసారి, ముప్పై ఆరు లింకులూ రెండు వరసలు నొక్కాను. నా బంగారు చెయ్యే మమ్మల్ని గట్టెక్కిస్తుందని నమ్మకం.

మూడో రోజు సాయంత్రం బాపు పాల క్యాన్లు కడుగుతూ, "స్టేషన్ల సారు నీ గురించి అడిగిండు బిడ్డా," అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. "ఏమని?"

"ఏడ పనిజేస్తది, ఎప్పుడు దొరుకుతది అని. రేపో ఎల్లుండో మీ ఆఫీసుకొస్తడంట. ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బాపు పరువు పోతుంది, స్టేషన్‌కు పాలు ఆగిపోతాయి, భాయ్ మళ్లీ బూత్ తెరవలేడు, ఇంతమందిని ముంచింది పెరుగు తోడుకోని ఈ చెయ్యే. అమ్మ సరిగ్గానే చెప్పింది అనుకుని దిండులో తల దాచుకుని ఏడ్చాను.

మర్నాడు ఆఫీసుకు అక్క కంటే ముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. ఆమె రాగానే అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకుంది. "పద, ముందు క్లిక్కుల లెక్క తీద్దాం. వాళ్లు అక్షరాల గురించి ఎక్కడ రాశారమ్మా? క్లిక్కులన్నారు." తెర మీద నెల రోజుల జాబితా తెరిచి వేలు పెట్టి చదువుతూ పోయింది. "ఇదేంటి? రోజూ పది దాటిన అయిదు నిమిషాలకి, వరసగా ముప్పై ఆరు. ఒకే మెషీన్ నుంచి. ఆదివారం ఒక్క రోజే లేవు. ఒక్కటీ కొనలేదు. మూడు రోజుల నుంచి రోజుకి డెబ్బై రెండయ్యాయి. ఎవడో మన మీద పనిగట్టుకుని చేస్తున్నాడే."

నేను నా కుడి చేతి వైపు చూసుకున్నాను. కాసేపటికి అక్క కూడా అటే చూసింది. సరిగ్గా అప్పుడే పకీరు పొగతో మెట్లెక్కి వచ్చాడు.

ఇద్దరం భాయ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాం. ఆయన ఉత్తరం మొత్తం అక్క చేత చదివించుకుని విన్నాడు.

"మూడ్రోజులు దాచినవా?"

"భయమైంది భాయ్."

"నాకైతలేదా ఇప్పుడు?" అన్నాడు మెల్లగా. చాయ్ కప్పు తాగకుండానే పక్కన పెట్టేశాడు. నలభై అయిదేళ్ల మనిషికి కూడా నా లాంటి భయమే వేస్తుందని నాకు అంతవరకూ తెలియదు. "బోణీ నేనే జెయ్యమన్న. గల్తీ నాది. దాచుడు ఒక్కటే నీది."

లింకులు పరీక్షించుకుంటున్నాం అని రాసేద్దాం, అదీ కొంత నిజమే కదా అంది అక్క. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఉన్నది ఉన్నట్టు రాయిండ్రి. ఆళ్లది గూడ దుకాణమే కదా. దుకాణంల కూసున్నోళ్లకు బోణీ సమజ్ గాదా?" దాచింది నేను కాబట్టి రాయాల్సింది కూడా నేనే అన్నాడు. నా ఇంగ్లీషులో, అక్క వేలు పెట్టి చూపించిన చోటల్లా దిద్దుతూ, మా వీధిలో పొద్దుటి మొదటి బేరానికి ఉన్న విలువ, పదకొండు రోజుల తర్వాత అమ్ముడైన స్కార్ఫు, నా చెయ్యి మంచిదని భాయ్ అనడం, చివరికి పకీరు ఊదు పొగ కూడా రాశాను. (పొగ తీసేద్దామంది అక్క. భాయ్ ఒప్పుకోలేదు.) మంచు పారల సంగతి కూడా నా అంతట నేనే ఒప్పుకున్నాను, అది వాళ్లు అడగకపోయినా. పంపే బటన్ మీద నా వేలు ఆడలేదు. భాయ్ నొక్కాడు.

ఆ మధ్యాహ్నమే స్టేషన్ సారు వచ్చాడు. నేను బీరువా వెనక నిలబడ్డాను. ఆయన పాలాయన బిడ్డ తన కూతురికి కంప్యూటరు నేర్పిస్తుందా అని అడిగి, చాయ్ తాగి, అత్తరు ఒక సీసా కొనుక్కుని వెళ్లాడు. బీరువా వెనక నుంచి నన్ను అక్కే చెయ్యి పట్టుకుని బయటకు లాగింది.

గడువు ముగిసే రోజు జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. మీ వివరణ అందింది. ఖాతా కొనసాగుతుంది. సొంత లింకులు మీరే నొక్కడం ఇక మీదట ఆపాలి. గాజుల లింకులోని గుర్తును ఇలా సరిచేసుకోండి అని చూపించారు. చూస్తే నేను మొదట పెట్టిన శాతం గుర్తే. అక్క ఎక్కడైనా మెలిక ఉందేమోనని మూడుసార్లు చదివి, ఏమీ దొరక్క తన డబ్బాలోని పులిహోర ముగ్గురికీ పంచింది. నేను మళ్లీ ఏడ్చాను, ఈసారి తింటూ.

మర్నాడు పదింటికి పకీరు పొగ వేసి వెళ్లాడు. నేను రెండు చేతులూ దుపట్టాలో చుట్టుకుని, మౌస్‌కు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా కూర్చున్నాను. భాయ్ లోపలి నుంచి వచ్చి, "రా బేటీ, బోణీ టైమ్ అయింది," అన్నాడు.

"వద్దు భాయ్. ఇగ నా చెయ్యి పెట్ట. నాకు భయమైతది."

ఆయన టేబుల్ కిందికి వంగాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, మూలుగుతూ లేచాడు. చేతిలో ఇంటర్నెట్ తీగ చివర ఉంది. "పీకేసిన. ఇప్పుడు ఆళ్లకు ఏం గానరాదు. నీ చెయ్యి మంచిదే, ఫికర్ జెయ్యకు. నొక్కు."

నొక్కాను. పేజీ దొరకలేదని తెర తెల్లగా తేలింది. భాయ్ దాన్ని తృప్తిగా చూసి, "అయిపాయె," అని తీగ మళ్లీ తగిలించాడు. ఆ ఆఫీసు ఉన్నన్నాళ్లూ రోజూ మా బోణీ అలాగే జరిగింది.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు, అత్తరు దుకాణమే పై గదుల్లోకి కూడా పెరిగింది. నేను ఊరికి ఆ చివర ఒక పెద్ద భవంతిలో అదే లింకుల పని చేస్తున్నాను, నా కింద ఎనిమిది మంది ఉన్నారు. సొంత లింకులు నొక్కొద్దని కొత్తగా చేరినవాళ్లకు కళ్లు పెద్దవి చేసి చెబుతాను. ఆ మాట చెప్పే నేనే రోజూ పొద్దున అందరికంటే ముందొచ్చి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఒక్క లింకు నొక్కుతాను. తెల్ల తెర వస్తుంది. చెయ్యి బాగానే ఉన్నట్టుంది అనుకుని, వైఫై పెట్టుకుంటాను. ఇంట్లో పాలు మాత్రం ఇప్పటికీ మా ఆయనే తోడుపెడతాడు.