అమ్మ అరచేతి కొలత

ఆత్రేయపురంలో మా ముందుగదిలోనే నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, మొదటిసారి ధైర్యం చేసి ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయడం మొదలుపెట్టాను. వేగం కొద్దిగా పెంచడం, వేడి ఎంతుందో తెర మీద చూసుకోవడం, మళ్లీ పెంచడం. అది కాలిపోతే నా పని ఆగిపోయినట్టే.

పూతరేకులు వేస్తున్న అమ్మ లేచొచ్చి, రేకులు వేసే కుండ వేడి చూసినట్టే కంప్యూటర్ వెనక వేడిగాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టింది.

"ఇంక మంట ఎగదొయ్యకే అమ్మాయ్, రేకు మాడిపోద్ది" అంది.

నవ్వేసి ఇంకొక్క మెట్టు పెంచాను. తెర నీలంగా మారి అంతా ఆగిపోయింది. ఆ మెట్టు తగ్గించి ఆన్ చేస్తే, సాయంత్రం దాకా గుర్రంలా పరుగెత్తింది.

ఆ హద్దు తెలుసుకోవడానికి నేను వారం రోజులు చదివాను. అమ్మ ఒక్కసారి చెయ్యి పెట్టిందంతే!