తలుపు చాటు ఫోటో

ముప్పై నాలుగేళ్లు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన పెద్దాయన, ఈ ఓడ ప్రయాణంలో ఆరు రోజులుగా కెమెరాతో డెక్కు రెయిలింగును వదల్లేదు. దొరికినవన్నీ తోకలే. రేపు దిగిపోయేలోగా ఒక్క తిమింగలమైనా తలతో సహా ఫోటోలో పడాలని ఆయన ఆశ. "ఆల్బమంతా తోకలేనా?" అని భార్య దెప్పుతుండగానే నీళ్లు ఉబ్బి, నల్లటి తల పైకి లేచింది.

"ఊపిరి బిగపట్టండి, కదలొద్దు," అన్నాడాయన. పక్కనున్న వాళ్లంతా బిగపట్టారు. ఆయన మాత్రం పాత అలవాటుకొద్దీ గబగబా వెనకున్న ఇనుప తలుపు చాటుకు వెళ్లి బటన్ నొక్కాడు. "అయింది, వదలండి," అంటూ వచ్చేసరికి సముద్రం చదునుగా ఉంది. ఫోటోలో తలుపు అంచు, సన్నటి వెలుగు గీత. "నయం, దాన్ని బోర్లా పడుకోమనలేదు," అంటూ భార్య ఆ ఫోటో చెరిపేయబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీవే. నా ఉద్యోగమంతా నేను చూసింది ఇదే."