ముసుగు కింద మెడ

ఆ రోజుల్లో ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే నాకు అన్నం సహించేది కాదు.

అరవైల చివరి మాట. శ్రీకాకుళంలో మా మిషన్ కాంపౌండు చర్చిలో ఒక పాత పియానో ఉండేది. దాన్ని వాయించడం వచ్చినవాళ్లం ఊరు మొత్తానికి ఇద్దరమే. ఒకరు మిషన్ ఆసుపత్రి డాక్టరుగారి భార్య, అందరూ దొరసానమ్మ అని పిలిచే ఆవిడ. రెండోదాన్ని నేను, చిన్నప్పటి నుంచి ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్ని. ఆ ఏడు ఈస్టరు కాగానే ఆవిడ తన దేశానికి పూర్తిగా వెళ్లిపోతోంది. అందుకని క్రిస్మస్ అయిన దగ్గర్నుంచి ఆరాధనలో వాయించే పని నాకు అప్పగించారు. నేను నెగ్గుకొస్తే పియానో ఉంటుంది. లేకపోతే లారీ ఎక్కించి విశాఖపట్నంలో ఇంకో సంఘానికి పంపించేస్తారు. ఈ కబురు ఇంటికి మోసుకొచ్చింది సంఘ పెద్దల్లో ఒకరైన మా నాన్నే.

నా ప్రాణమంతా ఆ పియానో మీదే ఉండేది. వానాకాలం వస్తే వేళ్లతో నొక్కే మెట్లు సగం ఉబ్బి కిందకి దిగితే పైకి లేచేవి కావు. వాటిని తిట్టుకుంటూ గోటితో పైకి లేపుతూ వాయించేదాన్ని. దాన్ని నేను తప్ప ఇంకెవరూ తిట్టకూడదని నా పట్టుదల.

ఆ పని నాకు అప్పగించిన దగ్గర్నుంచీ జబ్బు పట్టుకుంది. ఆదివారం రెండో కీర్తనకల్లా కుడి భుజం చెవి దగ్గరికి వచ్చేసేది. మెడ నుంచి మోచెయ్యి దాకా ఒకటే సలుపు. మూడో కీర్తనకి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారిపోయేవి. మెట్టు నొక్కానో లేదో చప్పుడు విని తెలుసుకోవాల్సిందే. ఒక ఆదివారం పాట మధ్యలో కుడి చెయ్యి తీసేసి ఎడం చేత్తోనే లాక్కొచ్చాను. నాన్న వెనక్కి తిరిగి చూశారు. ఇంటికొచ్చాక అడిగారు.

"ఏటమ్మా, వాయించగలవా లేదా? ఉన్నమాట సెప్పు. అందరూ నన్నడుగుతన్నారు."

"వాయిస్తాను," అని విసురుగా లోపలికి వెళ్లిపోయాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆ ఏడు మాత్రం అందులో ముప్పాతిక భయమే.

విచిత్రం ఏమిటంటే, దొరసానమ్మ బంగళాలో ఉన్న చిన్న పియానో మీద సాయంత్రమంతా వాయించినా ఏ నొప్పీ ఉండేది కాదు. కాబట్టి ఇది చేతిలో ఉన్న జబ్బు కాదు, నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ప్రార్థన తగ్గిందని మా అత్త అంది. ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంది. నేను రెండూ నమ్మాను.

చివరికి దొరసానమ్మకి చెప్పాను. ఆవిడది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. వంటవాణ్ని కాఫీ అడిగినా కీర్తన చదివినట్టే ఉండేది. నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, చెయ్యి మెల్లగా పైకెత్తమంది. ఎత్తగలిగినంత కాదు, అందులో సగమే.

"చేయి లేవక మునుపు ఏమి లేచెను? దానిని కనిపెట్టుము," అంది.

ఏమీ లేవలేదన్నాను. మళ్లీ ఎత్తమంది. ఇంకా నెమ్మదిగా. చీమ నడిచినంత నెమ్మదిగా ఎత్తితే అప్పుడు తెలిసింది, చెయ్యి కదలాలి అనుకోగానే గడ్డం బిగుస్తోంది, పళ్లు కరుచుకుంటున్నాయి. ఆవిడ దిద్దలేదు. గడ్డాన్ని బిగించకుండా వదిలేసి మళ్లీ ఎత్తమంది, అంతే. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి ముందుకీ వెనక్కీ ఊగమని, ఎక్కడ ఆగితే నడుము తనంతట తాను నిలబడుతుందో వెతుక్కోమంది. నిటారుగా కూర్చో అని ఒక్కసారీ అనలేదు. మా బళ్లో పంతులుగారు వీపు మీద బెత్తం పెట్టి నేర్పిన నిటారు వేరు, ఇది వేరు. రోజూ అదే పని. బంగళాలో నా చేతులు గాల్లో తేలేవి. ఆదివారం చర్చిలో మళ్లీ మామూలే. ఈస్టరు దగ్గర పడుతోంది. నాకు నిద్రలో కూడా వేళ్లు మొద్దుబారుతున్నట్టు ఉండేది.

ఈస్టరు ముందు రోజు మధ్యాహ్నం ఖాళీ చర్చిలో ఒక్కదాన్నే సాధన చేస్తున్నాను. నొప్పి లేదు. ఇంతలో పాస్టరుగారు ఏదో పని మీద లోపలికి వచ్చారు. అలవాటు ప్రకారం చీర కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. ఇంకా మెట్టు మీద వేలు పెట్టనే లేదు. భుజాలు రెండూ లేచాయి, గడ్డం లోపలికి పోయింది, మెడ కొయ్యలా నిలబడింది. చాప మీద కనిపెట్టమని ఆవిడ చెప్పింది కళ్ల ముందు కనబడింది.

మా చర్చిలో ఆడవాళ్లు ముసుగు లేకుండా కూర్చోరు. కొంగు జారితే మిగతావాళ్లు చేత్తో సర్దుకుంటారు. నా రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి కదా. అందుకని అన్ని నెలలుగా మెడతోనూ భుజాలతోనూ దాన్ని పట్టుకుని కూర్చుంటున్నాను. దొరసానమ్మకి ముసుగు బదులు టోపీ ఉంది కాబట్టి ఆవిడకి తోచలేదు. బంగళాలో నాకు ముసుగు లేదు కాబట్టి నాకూ తోచలేదు.

ఇంటికి పరుగెత్తి అమ్మకి చెప్పాను.

"ముసుగేటి సేస్తాదే?" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "పెళ్లైన కాణ్నుంచీ మీ నానమ్మ ముందర, మీ పెదనాన్నల ముందర రోజల్లా ఏసుకునే ఉన్నాను. నాకేటైనాది? పిన్నులెట్టుకో."

పెట్టుకున్నాను. అద్దం ముందు కూర్చుని తల ఊపి కూడా చూశాను, కదల్లేదు. కానీ పిన్ను ఉందని నాకు తెలుసు, నా మెడకి తెలియదు. అది దాని కాపలా అది కాస్తూనే ఉంది.

ఈస్టరు ఉదయం చర్చి కిటకిటలాడింది. దొరసానమ్మ ముందు వరసలో కూర్చుంది. గంజి పెట్టిన కొత్త చీర నెత్తి మీద అట్టలా నిలబడింది. మొదటి కీర్తనకే భుజం లేచింది. రెండోదానికి వేళ్లు జివ్వుమన్నాయి. ఇంకో రెండు చరణాలకి మొద్దుబారిపోతాయని తెలుస్తూనే ఉంది. ఇక లాభం లేదనుకుని గడ్డం వదిలేశాను. పళ్లు వదిలేశాను. తలని దాని ఇష్టానికి వదిలేశాను. పిన్ను ఊడింది. కొంగు జారి భుజం మీద పడింది.

పాట తగ్గింది. మగవాళ్ల వైపు ముందుగా, తర్వాత ఆడవాళ్ల వైపు. పాస్టరుగారు నా వైపే చూస్తున్నారు. ఆపి సర్దుకుంటే పియానో పోయినట్టే, సర్దుకోకపోతే నాన్న పరువు పోయినట్టే. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. చేతులు మాత్రం వాయిస్తూనే ఉన్నాయి.

అప్పుడు ఆడవాళ్లలోంచి అమ్మ లేచింది. నడవా దాటి వచ్చి నా వెనక నిలబడింది. కొంగు తీసి నా నెత్తి మీద వేసి, రెండు వేళ్లతో పట్టుకుంది.

"నువ్వు వాయించు," అంది నా చెవి దగ్గర. "ఇది నేను సూసుకుంటాను."

ఆరాధన అయిపోయేదాకా అలాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కాదు, అమ్మ ఎక్కడ వేళ్లు తీసేస్తుందోనన్న భయం. తియ్యలేదు. నా వేళ్లు మొద్దుబారలేదు. ఆఖరి పాటకి దొరసానమ్మ కళ్లు మూసుకుని పాడింది.

పియానో ఎక్కడికీ వెళ్లదని ఆ మధ్యాహ్నమే నాన్న చెప్పారు. చెప్పి, "మద్దెలో నువ్వెందుకు లెగిసేవు?" అని అమ్మని అడిగారు.

"మరెవరు లెగుస్తారు?" అంది అమ్మ.

అంటూ ఆయన వైపు తిరగడానికి ఒళ్లంతా తిప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను అమ్మ అలా తిరగడం. ఆ రోజే నా కంటపడింది. మెడ పట్టేసిందా అని అడిగితే, "ఎప్పుడూ ఇలాగే ఉంటాది కదే," అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు నేను ముందురోజు వెళ్లి ఎవరికి చెప్పుకున్నానో అప్పుడు తెలిసింది.

ఎంత వద్దన్నా వినకుండా చాప వేసి పడుకోబెట్టాను. మోకాళ్లు మడిపించాను. తల కింద నా రెండు అరచేతులూ పెట్టి, బరువంతా నా మీదికి వదిలెయ్యమన్నాను. చేతుల్లోకి ఏ బరువూ రాలేదు. తల నా చేతులకి తగులుతోంది, అంతే. గాల్లో తనే పట్టుకుని ఉంది.

"వదిలెయ్యమ్మా," అన్నాను.

"వదిలేసేను కదే," అంది అమ్మ.