మెట్టతామర మడి చూసి వచ్చాను

సీతంపేటలో మేం నడిపే మిషన్ హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలుంటారు. వాళ్ళ స్నానాల నీళ్ళు, కంచాలు కడిగిన నీళ్ళు రెండేళ్ళుగా పక్కనున్న సింహాచలం చేలోకే పోతున్నాయి. ఈ వేసవిలో ఆయన విసిగిపోయి కాలువకు మట్టి అడ్డం వేసేశాడు. వానలొచ్చేలోపు మా నీళ్ళకి మేమే దారి చూసుకోవాలని కబురు పంపాడు. దారి దొరక్కపోతే స్నానాల గదులకు తాళం వేయాలి, అప్పుడు సెలవులయ్యాక పిల్లల్ని చేర్చుకోలేం. వార్డెనుగా నాకు నిద్ర పట్టడం మానేసింది.

మా దగ్గరే చదువుకుని ఇప్పుడు అనంతగిరి వైపు నర్సుగా ఉన్న రూతు ఫోన్ చేసి, "అమ్మగారూ, ఇక్కడో గూడెంలో మొక్కలతో మురుగు శుభ్రం చేస్తున్నారు, వచ్చి చూడండి" అంది. ఆ పిల్లకి ఎంత రుణపడబోతున్నానో అప్పుడు తెలియదు.

ముందురోజు బస్సులో విజయనగరం వచ్చి మా చెల్లెలింట్లో పడుకున్నాను. పొద్దున్న ఆరింటి బస్సుకి ఎస్.కోట చేరి, ఎనిమిది దాటాక వచ్చిన కిరండోల్ పాసింజరెక్కాను. జామకాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన, "ఏటమ్మా, బొర్రా గుహలకేనా?" అన్నాడు. మురుగునీళ్ళు చూడ్డానికన్నాను.

"టిక్కెట్టు కొనుక్కుని మురుగు సూడ్డానికెల్తన్నావా! మా ఈదికి రా, ఊరకనే సూపిత్తాను," అన్నాడు. పెట్టెంతా నవ్వింది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు, నేనూ ఒకసారి పెట్టాను.

పది దాటాక బొర్రా స్టేషన్లో దిగితే రూతు ఎదురొచ్చింది. షేర్ ఆటోలో కొంతదూరం, ఆపైన కాఫీ తోటల మధ్య అరగంట నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఊతకర్ర తెచ్చుకోవడం మంచిది.

గూడెంలో ఆ మడిని చూసుకునే సోమిలి మాకు అన్నీ చూపించింది. ఇళ్ళ నీళ్ళు ముందు మూతున్న తొట్టిలోకి వస్తాయి. మెతుకులు, జిడ్డు అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత టార్పాలిన్ పరిచి కంకర నింపిన పెద్ద గొయ్యి, దానినిండా ఎర్రగా పూసిన మెట్టతామర. గొయ్యి లోతెంతో సోమిలి తన కాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. నీళ్ళు పైకి కనిపించవు కాబట్టి దోమలు చేరవు. రాళ్ళ కిందుగా, వేళ్ళ మధ్యగా మెల్లగా నడిచి అవతలి గొట్టంలోంచి అరటి మొక్కలకు పోతాయి. దోసిలి పట్టి వాసన చూశాను. ఏ వాసనా లేదు. తాగేస్తానేమోనని రూతు కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది.

ఒక పక్క మొక్కలు మాత్రం చిన్నవిగా ఉన్నాయి. ఎందుకని అడిగాను.

సోమిలి తల దించుకుంది. "అది నా ఎర్రితనవమ్మా. కాపీ పళ్ళు తోలు తీసి కడిగిన జిగురు నీళ్ళు, సబ్బు కాదు గదా, ఏటౌతాదని ఇందులో పోసీసినాను. మొక్కలు కుళ్ళిపోనాయి. గొయ్యి పొంగి, ఆ కంపు నీళ్ళు మా ఊటలో కలిసిపోనాయి. ఊరంతా తాగే ఊట."

"నువ్వే పోశావని వాళ్ళకెలా తెలిసింది?"

"నానే సెప్పీసినాను. ఊరంతా కూసున్నప్పుడు లేసి సెప్పినాను. తిట్టినారు. తెల్లారి ఇంటికొకలు తట్ట అట్టుకుని వచ్చీసినారు. రాయి రాయి తీసి, కడిగి, మల్లీ పేర్సినాం."

అలా ఇంటికొకరు పనికి రావడం అక్కడి కట్టుబాటట. ఇప్పుడు కాఫీ కడిగిన నీళ్ళకి దూరంగా వేరే గొయ్యి ఉంది.

మధ్యాహ్నం సోమిలి సామ అన్నం, పనసకాయ కూర పెట్టింది. బయల్దేరేటప్పుడు సంచి నిండా మెట్టతామర దుంపలిచ్చి, "బేగి నాటీయండి, ఎండిపోతాయి" అంది. ఏమిచ్చినా పుచ్చుకోలేదు. ఆ తల్లి చల్లగా ఉండాలి.

నాలుగింటికి అరకు నుంచి దిగే బస్సు దొరికింది. మలుపుమలుపుకీ ఒకటే ఆలోచన. సింహాచలానికి ఈ రెండేళ్ళలో వాచ్‌మన్ చేత కబుర్లు పంపాను, ఫాదరుగారి చేత చెప్పించాను, ఉత్తరం రాశాను. తప్పు మాదని మాత్రం ఒక్కసారీ అనలేదు. నాకు సిగ్గేసింది. ఘాటీ దిగి సిగ్నల్ రాగానే ఫోన్ చేశాను.

"సింహాచలం, తప్పు మాదే. నీ చేను పాడుచేశాం."

"నీళ్ళొచ్చినాయని కాదమ్మా నా కోపం," అన్నాడు. "ఒక్కనాడూ గట్టు మీదకొచ్చి సూడనేదు మీరు."

రేపు పొద్దున్నే వస్తానన్నాను. మొక్కల మడి సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మా గెడ్డ ఒడ్డున గులకరాళ్ళున్నాయి, బండి కడతాను. గొయ్యెంత లోతు తవ్వాలో సెప్పండి."

కళ్ళు తుడుచుకుని, "మోకాలి పైకి జానెడు" అన్నాను.