ముప్పై రెండో పూస

గోదావరిలో రెండు, జొన్నల గుమ్మిలో ఒకటి, రైలు పట్టాల మధ్య ఒకటి, మూడేళ్ళ పిల్లవాడి కడుపులో ఒకటి, మా ఇంటి వెనక మోరిలో ఒకటి. పోయినవి మొత్తం ఆరు. ఈ పొద్దున ముఖం కడుక్కుని, రాత్రంతా అరుగు మీద చలిలో ఉన్న ఇత్తడి చెంబును ఎందుకో చెంపకు ఆనించుకున్నాను. ఆ చల్లదనం పంటి దాకా పాకింది. దాంతో నోరు దానంతట అదే ఈ లెక్క చెప్పేసింది. మా ఇంట్లో వాళ్ళు పట్టించుకోరు. కరీంనగరంలో కలప డిపోలో దుంగల లెక్క చూసే మనిషిని కాబట్టి, నేను ఏది గొణిగినా దుంగలనే అనుకుంటారు.

ఇవి దుంగలు కావు, పూసలు. బెల్లంపల్లిలో మా పక్కింటి బీబమ్మ పచ్చరాయి దండలోని పూసలు. ఆమె ఆ రాయిని ఉర్దూలో యషబ్ అనేది. పట్నం నగల దుకాణాల్లో జేడ్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మరకతంలాగా తళతళలాడదు. లేత సొరకాయ తొక్క రంగు, లోపల చుక్కెడు పాలు కలిపినట్టు మసక. ముప్పై రెండు గుండ్రటి పూసలు, మధ్యలో బొటనవేలంత బిళ్ళ. ఆ బిళ్ళ గుండె మీద ఆనేలా వేసుకుంటే గుండెదడ తగ్గుతుందని హకీముల నమ్మకం. బీబమ్మ తండ్రి హకీం. ఆయన పోయాక ఆమెకు వచ్చిన ఆస్తి ఆ దండ ఒక్కటే. దాన్ని ఆమె ఒంటి మీద నేను చూసింది తక్కువ. ఎప్పుడూ ఎవరో ఒకరి మెడలో ఉండేది. కాన్పుకు భయపడే పిల్లలు, జ్వరం నుంచి లేచినవాళ్ళు, తమ్ముడి చావు చూసి తేరుకోనివాళ్ళు, అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది. అంత విలువైనది పెట్టెలో దాచుకోక ఊరంతా తిప్పుతావేమని మా అవ్వ, అంటే మా అమ్మ, ఒకసారి అడిగితే, "పెట్టెల పెడ్తే రాయి మొకం మాడ్సుకుంటది లచ్చవ్వా. ఒంటి మీదుంటెనే దానికి కళ" అన్నది. మనిషి చర్మం తగులుతుంటేనే ఆ రాయి నిగనిగలాడుతుందన్నది నిజమే. నేను చూశాను.

నా మెడలోకి అది వచ్చింది నా ఇరవై ఆరో ఏట. నిజాం నాణెం హాలీ సిక్కా ఇంకా చేతులు మారుతున్న రోజులు. బొగ్గుగనిలో చేరి నాలుగు నెలలైంది. ఒకరోజు లోపల నా మోచేయి తగిలి నా దీపమే ఆరిపోయింది. తోటి పనివాడు పోశం వెతుక్కుంటూ వచ్చే దాకా అరగంట చీకట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. దెబ్బ తగల్లేదు, ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి మమ్మల్ని కిందికి దింపే బోనులో కాలు పెడితే చాలు, గుండె రోకలి పోటు వేసేది. రెండుసార్లు బోను దాకా పోయి వెనక్కి వచ్చాను. మూడోసారి కూడా వస్తే పని పోతుంది. అవ్వ బీబమ్మ దగ్గరికి పోయి, నా కొడుకు నీ దండ నీకు మళ్ళీ సరిగ్గా అప్పజెప్తాడని తన మాట ఇచ్చి నన్ను పిలిచింది.

బీబమ్మ రెండు కళ్ళకూ అప్పటికే పొరలు కమ్మాయి. వెలుతురు, నీడ తప్ప ఆమెకు ఏమీ తెలిసేది కాదు. అరుగు మీద కూర్చుని దండను చెంపకు ఆనించి, ఒక్కో పూసను చెంప మీదుగా జరుపుతూ లెక్కపెట్టింది. ఇరవై ఏడు దాకా వచ్చాక పూసలు అయిపోయాయి. లెక్క ఆగలేదు. గోదాట్లె రెండు, గుమ్మిల ఒకటి, పట్టాల నడుమ ఒకటి, మల్లయ్య కొడుకు కడుపుల ఒకటి, ముప్పై రెండు అని ముగించి తల ఊపింది. లక్సెట్టిపేట రేవులో స్నానాలు చేస్తూ ఇద్దరు పోగొట్టారట. పిల్లవాడు మింగిన పూస కోసం వాళ్ళ ఇంటివాళ్ళు మూడు రోజులు కాపలా కాశారట. పోయిన వాటిని కూడా ఎందుకు లెక్కపెడుతున్నావు ఖాలా అని అడిగాను. ఉర్దూలో పిన్నిని అట్లా అంటారు, మా వాడలో అందరికీ ఆమె ఖాలానే.

"పోలే బేటా, వేరే తాన ఉన్నై" అన్నది. "ఏడున్నయో ఎరుకైతె పోయినట్టు కాదు."

తర్వాత జాగ్రత్తలు చెప్పింది. మురికైతే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పాత పంచె గుడ్డతో తుడవాలి. కుంకుడు వద్దు, బూడిద వద్దు, చింతపండు వద్దు, చాకలి సోడా అసలే వద్దు. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. బంగారంతో కలిపి మూట కట్టొద్దు, రాయి బంగారాన్ని గీస్తుంది. ఏడాదికొకసారి పట్టుదారం మార్చి, పూసకూ పూసకూ మధ్య ఒక ముడి వేయాలి. దారం తెగినా పోయేది ఒక్క పూసే, దండ పోదు.

ఇరవై ఒక్క రోజులు వేసుకున్నాను. మొదటి రోజే బోను దగ్గర పోశం నా చొక్కా లోపలి దండను చూశాడు. "ఏందిరా రాజేశం, పెండ్లిపిల్ల లెక్క తయారైనవ్. కాళ్లకు మెట్టెలేవిరా?" అన్నాడు. బోనంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే బోను కదిలింది. నేను చొక్కా మీంచి పూసలు తడుముతూ ఒకటి, రెండు అని మొదలుపెట్టాను. ఇరవై ఏడు అయి, గోదావరి, గుమ్మి, పట్టాలు దాటి, మల్లయ్య కొడుకు కడుపు దగ్గరికి వచ్చేసరికి బోను అడుగున ఆగింది. గుండె కొట్టుకోవడం గుర్తుకే రాలేదు. రాయి పని చేసిందో, లెక్క పని చేసిందో నేను తేల్చలేను.

తిరిగి ఇచ్చే రోజు వచ్చింది. దండ బొగ్గుపొడితో నల్లబడింది. తళతళలాడేలా చేసి ఇచ్చి ఆమె చేత శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. అప్పుడే నేను ఒక లెక్క వేశాను. గోరువెచ్చటి నీళ్ళకు ఇంత మురికి పోతే, నాలుగింతలు వేడి నీళ్ళకు నాలుగింతలు పోవాలి కదా. మా ఇళ్ళలో బంగారాన్ని కుంకుడు రసంలో మరిగించడం చూసినవాణ్ణే. అవ్వ అంగడికి పోయిన సమయం చూసి, కుంకుళ్ళు వేసి దండను కుతకుతా ఉడికించాను. మురికి పోయిన మాట నిజం. కానీ మోరి దగ్గర కడుగుతూ పైకి లేపానో లేదో, ఉడికి పీచుపీచైన పట్టుదారం పుటుక్కున తెగింది. ముడుల పుణ్యాన మిగతావి ఆగాయి. ఒక్కటి మాత్రం రాతి మీద రెండు గంతులేసి మోరిలోకి దూకింది.

మోరిలోని బురదంతా ఎత్తి జల్లెడ పట్టాను. దొరికినవి: గుండీలు మూడు, పిన్నీసు ఒకటి, పసిపిల్ల కాలి మువ్వ ఒకటి, అవ్వ మూడేళ్ళుగా వెతుకుతున్న వెండి చెవిపుల్ల ఒకటి. మొత్తం ఆరు. పూస లేదు. అంగడి నుంచి వచ్చిన అవ్వ చెవిపుల్ల చూసి మురిసిపోయి, ఇంత శుభ్రమైన కొడుకును కన్నందుకు తనను తానే మెచ్చుకున్నది. ఆమె ఇచ్చిన మాట నా చేతిలో తెగిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు వాడలోకి వచ్చిన పూసలమ్మే ఆవిడ గంపలో అదే రంగు, అదే పరిమాణం గాజుపూస ఒకటి ఏరుకుని, కొత్త దారంతో గుచ్చి ముడులు వేశాను. చూడలేని మనిషికి ఇది చాలనుకున్నాను. చూడగలవాళ్ళను కూడా మోసం చేయగల పూస అది.

బీబమ్మ దండను చెంపకు ఆనించి లెక్క మొదలుపెట్టింది. నడుమ ఒకచోట ఆమె వేలు ఆగింది, అంకె పలకకుండానే మళ్ళీ కదిలింది. చివర మల్లయ్య కొడుకు దగ్గరికి వచ్చేసరికి లెక్క ముప్పై ఒకటి దగ్గర నిలిచింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ముప్పై ఒకటే. నా గుండె బోను దగ్గర కొట్టుకున్న దానికంటే గట్టిగా కొట్టుకుంటున్నది. ఆమె మాత్రం నవ్వి, తనకే మతి తప్పుతున్నదేమో, వచ్చే శుక్రవారం నన్నూ వచ్చి లెక్కపెట్టమన్నది.

అట్లా పదకొండు శుక్రవారాలు పోయాను. బడి ముఖం చూడని నాకు ఆ అరుగే బడి అయింది. ఆమె ముప్పై ఒక్క చింతగింజలు నా ముందు పోసి పంచమనేది. రెండు కుప్పలు చేస్తే ఒకటి మిగిలేది. మూడు చేసినా ఒకటి, అయిదు చేసినా ఒకటి, ఆరు చేసినా ఒకటి. "చూడు, మళ్ల ఒకటి మిగిలె" అని వక్క నములుతూ నవ్వేది. ఒకసారి ఇంకో గింజ వేసి ముప్పై రెండు చేసి పంచమన్నది. రెండు పదహార్లు, నాలుగు ఎనిమిదులు, ఎనిమిది నాలుగులు. ఒక్క గింజ మిగల్లేదు. నేను తల ఎత్తకుండా గింజలన్నీ మళ్ళీ ఒకే కుప్ప చేశాను. భాగహారం, శేషం, వెనక నుంచి లెక్క, అన్నీ ఆమె దగ్గర నేర్చినవే. ఇంటికి వచ్చాక రోకలి పోటు మళ్ళీ మొదలయ్యేది. దండ నా మెడలో లేకపోవడం వల్ల కాదని నాకు తెలుసు.

పన్నెండో శుక్రవారం నేను పోయేసరికి ఎదురింటి రాజమ్మ అరుగు కింద నిలబడి ఉంది. ఎనిమిదో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఈసారి గుండె అదిరి నిద్ర పట్టడం లేదని దండ అడుగుతున్నది. అడిగినవాళ్ళకు ఎప్పుడూ లేదనని బీబమ్మ తల అడ్డంగా ఊపింది. "లెక్క తేలలే బిడ్డా. తేలనిది గడప దాటనియ్య. జర ఓపిక పట్టు." రాజమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. ఆమె నాలుగు అడుగులు వేసే దాకానే నేను ఆగగలిగాను.

"ఖాలా, మోరిల ఒకటి" అన్నాను.

ఆమె రాజమ్మను ఆగమని చెయ్యి ఊపి, దండ తీసి చెంపకు ఆనించి మొదటి నుంచి లెక్కపెట్టింది. గోదావరి, గుమ్మి, పట్టాలు, మల్లయ్య కొడుకు, చివరికి మోరి. ముప్పై రెండు. అప్పుడు అడిగింది.

"ఏ మోరి? మీదా, బజారుదా?"

"మాదే."

"నయమే. దగ్గర్నే ఉన్నది."

ఎప్పుడు తెలిసిందని అడిగాను. మొదటి రోజే అన్నది. పచ్చరాయి చెంపకు చల్లగా తగులుతుందట, ఎంతసేపు ఆనించినా తొందరగా వేడెక్కదట. "నీ పూస నా చెంప లెక్కనే వెచ్చగుండె" అన్నది. మరి ఎందుకు అడగలేదంటే, "లెక్క నీ తాన ఉంటె నేనేమడుగుదు బేటా?" అన్నది. గాజుపూస పక్కన దారం కోసి, పూసను నా అరచేతిలో పెట్టింది. తెగిన చోట నా చేతనే ముడి వేయించింది. ఇరవై ఆరు పూసల దండ ఆ పూటే రాజమ్మ మెడలోకి పోయింది. బిడ్డ దక్కింది, ఆడపిల్ల. ఇప్పుడు బడిలో లెక్కల్లో ముందుంటుందట. ఆ రోజు నేను అసలు పూస తెచ్చి ఇస్తానని మాట ఇచ్చాను. "తే. తొందరేం లేదు" అన్నది బీబమ్మ, "అప్పటిదాంక నువ్వు బాకీ." మోరి కథ విన్న అవ్వ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెవిపుల్ల గుర్తొచ్చి మూడో రోజు మాట్లాడింది.

ఆ తర్వాత గని మీద పట్టాల మీద నడిచే బొగ్గు తొట్ల, అంటే టబ్బుల, లెక్క రాసే పని నాకు ఇచ్చారు. లెక్క తప్పితే మిగతావాళ్ళు ఎవడు తిన్నాడని అరిచేవాళ్ళు. నేను ఎక్కడుందని అడిగేవాణ్ణి. ఏ మలుపులోనో, ఏ పక్క పట్టా మీదనో టబ్బు దొరికేది. ఇప్పుడు దుంగలకూ అదే పద్ధతి. పిల్లలు తప్పు చేసినా అదే పద్ధతి. శేషం ఒకటి ఉందని తెలిసినా అరవను, గింజలు ముందు పోసి కూర్చుంటాను.

పట్నం పోయినప్పుడల్లా పూస కోసం దుకాణాలు తిరుగుతాను. చూపించిన ప్రతి పూసనూ చెంపకు ఆనించుకుంటుంటే దుకాణదారులు నవ్వుతారు. ఒకటి వెచ్చగా ఉంటుంది, ఒకటి మరీ పచ్చగా ఉంటుంది, ఒకటి చల్లగానే ఉన్నా సొరకాయ రంగు కాదు. బీబమ్మ పోయి ఆరేళ్ళు. పోయే ముందు దండను రాజమ్మకు ఇచ్చింది, అడిగినవాళ్ళకు ఇవ్వాలన్న షరతు మీద. మొన్న బెల్లంపల్లి పోయినప్పుడు రాజమ్మ నా ముందే లెక్కపెట్టింది. ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి, అయినా చెంపకే ఆనించింది. ఇరవై ఆరు తర్వాత గోదాట్లె రెండు, గుమ్మిల ఒకటి, పట్టాల నడుమ ఒకటి, కడుపుల ఒకటి, మోరిల ఒకటి అని చెప్పి, ముప్పై రెండు అని నా వైపు చూసి నవ్వింది. చొక్కా జేబులో వెచ్చటి గాజుపూస నా వేలికి తగిలింది. పోయినవి లేవు, లెక్క సరిపోయింది. బాకీ, ఒకటి.