వంశం పుస్తకంలో అన్న పేరు

మా తాత చైనాలోని టియన్‌మెన్ అనే పాత పట్నం నుంచి వచ్చి, గుంతకల్లులో కట్టుడు పళ్లు చేసుకుంటా బతికినాడు. పాత జాబులు పట్టుకుని ఆ ఊరేదో కనుక్కునేదానికి నాకు ఆరేండ్లు పట్టింది. ఇద్దరం కలిసి పోదామన్న మా అన్న, బోరు మోటర్లు కొనాలని చెప్పి పోయిన వారం ఒక్కడే చైనాకు పోయినాడు.

ఈ పొద్దు టియన్‌మెన్ నుంచే వీడియో కాల్ చేసినాడు.

"తాత వాళ్ల నాయన పేరేందమ్మీ? ఈడ మనోళ్ల వంశం పుస్తకంలో నా పేరు ఎక్కించేదానికి అడుగుతాండారు."

సంబరంగా చెప్పేసినా. "నా పేరు గూడా రాపియ్యన్నా" అంటి.

"ఆడపిల్లల పేర్లు రాయరంట లేమ్మా" అని పెట్టేసినాడు.

ముత్తాత పేరు చెప్పకముందే నా సంగతి అడిగింటే బాగుండు. మీరైతే చెప్పింటారా?